వీరతాడు ఎవరికి వేయాలి? మాయాబజార్‌తో తెలుగు పాఠం

ప్రశ్న: టెక్సస్‌లో మా ఊరి గుడి హాల్లో ఆదివారం తెలుగు తరగతి నడుపుతున్నాం. 12 మంది పిల్లలు, 10 నుంచి 13 ఏళ్ళ వాళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. చదవడం కూడబలుక్కుని చదువుతారు. పోయిన దీపావళికి ఒక హాస్యచిత్రం మొత్తం వేశాం. పావుగంట గడిచేసరికి సగం మంది కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుతున్నారు, మిగతా సగం ఫోన్లలో ఉన్నారు. ఈసారి ఐదు ఆదివారాలు, రోజుకి 90 నిమిషాలు చేతిలో ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చే నకిలీ వీడియోల గురించి కూడా పిల్లలకి ఏదైనా చెప్పమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఒకే సినిమాతో రెండూ కుదురుతాయా? మాయాబజార్ అనుకుంటున్నాం. అయితే అది పాతది, నలుపు తెలుపు, పైగా పురాణం, పిల్లలు కూర్చోరు అంటున్నారు కొందరు.

జవాబు: టీచరుగారూ, మాయాబజారే పెట్టుకోండి. పాతదే, 1957 మార్చిలో వచ్చింది. పిల్లలు కూర్చోరన్నదీ నిజమే, మూడు గంటల పైన నడిచే సినిమాకి పెద్దవాళ్ళే రెండుసార్లు లేస్తారు. అందుకని మొత్తం వేయకండి. మూడు నాలుగు నిమిషాల ముక్కలు నాలుగైతే మీ ఐదు ఆదివారాలకి సరిపోతాయి. ఒక్కో ముక్కను ఒకే రోజు మూడుసార్లు చూపించాలి. దీపావళినాడు జరిగిన పొరపాటు సినిమా ఎంపికలో లేదు. కింద ఇంగ్లీషు కనిపిస్తుంటే చెవి పనిచేయదు. కన్ను వేగంగా చదివేస్తుంది, నవ్వు ముందే వచ్చేస్తుంది, తెలుగు మాట నేపథ్య సంగీతంలా వెనక వినిపిస్తూ పోతుంది.

ఈ సినిమానే ఎందుకంటే, ఇందులో నవ్వంతా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి మాట విరుపు. రెండోది ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం. మొదటిది మీ భాషాపాఠం, రెండోది తల్లిదండ్రులు అడుగుతున్న నకిలీ వీడియోల పాఠం. కాబట్టి ప్రతి ముక్క తర్వాతా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఎక్కడ నవ్వొచ్చింది, ఎందుకొచ్చింది? మీరు మాత్రం వివరించకండి. టీచరు హాస్యం విడమరిచి చెప్పిన తరగతిలో ఆ తర్వాత ఎవరూ నవ్వరు. నవ్విన పిల్లే నవ్వని పిల్లకి తెలుగులో చెప్పాలి, తరగతి మొత్తంలో అతి కష్టమైన పని అదే.

మొదటి ఆదివారం: రాక్షసుల బడి. రమణారెడ్డి వేసిన చిన్నమయ్య రాక్షసశిష్యులకి మాటలు నేర్పే ఘట్టం ఇది. గురువు దుష్టచతుష్టయం అంటే శిష్యులు దుషట చతుషటయం అంటారు. అస్మదీయులు అనమంటే అసమదీయులు అంటారు. పనిలో పనిగా దానికి ఎదురుమాట తసమదీయులు పుడుతుంది. అలాంటి మాట లేదని గురువు మొత్తుకుంటే, ఎవరో ఒకరు పుట్టించనిదే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడు శిష్యుల్ని వెనకేసుకొచ్చి, మెప్పుగా మెడలో వేసే వీరతాడు వేయిస్తాడు. మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. తెలుగువాళ్ళు ఇవాళ్టికీ పత్రికల్లో, రాజకీయాల్లో అసమదీయులు, తసమదీయులు అని వాడుతున్నారంటే ఆ వీరతాడు చెల్లినట్టే.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది పలుకుబడి. శిష్యులు చేసినది తెలివితక్కువ తప్పు కాదు. ష్ట, స్మ లాంటి ఒత్తుల్ని విడదీసి మధ్యలో అచ్చు దూర్చారు, అంతే. తెలుగు నాలుక వందల ఏళ్ళుగా చేస్తున్న పనే అది: రత్నం రతనమైంది, చంద్రుడు చందురుడయ్యాడు. ఒత్తును ఇంకో దారిలో సులువు చేసుకున్న మాటలూ ఉన్నాయి: భక్తి బత్తి అయింది, ప్రాణం పానమైంది. బోర్డు మీద ఈ నాలుగు జంటలు రాసి, ఏది ఏ దారిలో మారిందో పిల్లలచేత పట్టించండి. ప్రకృతి, వికృతి అనే పాత వ్యాకరణపాఠం పది నిమిషాల్లో దానంతటదే వచ్చేస్తుంది.

రెండోది మాట కల్పన. సంస్కృతంలో అస్మదీయ అంటే మాది, యుష్మదీయ అంటే మీది, తదీయ అంటే అతడిది, వాళ్ళది. శిష్యులకి ఇదేమీ తెలియదు. అసమదీయులు మనవాళ్ళయితే అ తీసి త పెడితే అవతలివాళ్ళవుతారు కదా అనుకున్నారు. నిజానికి మాటలు చాలా వరకు పుట్టేదిలాగే, ఉన్నదాన్ని చూసి లేనిదాన్ని అల్లుకుంటూ. పిల్లలకి మూడు పనులు ఇచ్చి తెలుగు మాటలు పుట్టించమనండి: ఫోన్లో తెరను బొమ్మ తీయడం, గొంతు ఆపేసి మీటింగులో కూర్చోవడం, చదవకుండా పదిమందికి పంపేయడం. మొదటిదానికి తెలుగు వికీపీడియాలో తెరపట్టు అనే మాట వాడుకలో ఉంది, అది మాత్రం చివర చెప్పండి. ముందే చెబితే అందరూ దాన్నే పట్టుకుంటారు. బాగా కుదిరిన మాటకి ఊలు దారంతో పేనిన వీరతాడు వేయండి. ఐదు రంగుల ఊలు ఉండలు, మూరెడు ముక్కలు, ఒక్కోదానికి మూడు పోగులు జడలా అల్లితే చాలు. ఇదేదో చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ 13 ఏళ్ళ మగపిల్లలు కూడా దీనికోసం పోటీపడతారు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ళ పలకని పిల్ల, ట బదులు త అనే పిల్లాడు మీ తరగతిలో తప్పకుండా ఉంటారు. ఈ ముక్క చూసిన వెంటనే ఎవరో ఒకరు వాళ్ళకి రాక్షసుడని పేరు పెడతారు. అందుకే మొదటి వీరతాడు తప్పు పలికిన మాటకే వేయండి, అదీ మీరు కావాలని ఒక మాట తప్పు పలికి మీకు మీరే వేసుకోండి. సినిమాలో ఘటోత్కచుడు చేసిందీ అదే కదా, తప్పుపట్టే గురువు పక్షం కాకుండా శిష్యుడి పక్షం నిలబడ్డాడు.

గంటన్నర ఎలా పంచుకోవాలంటే: మొదటి 10 నిమిషాలు ఎవరు ఎవరో చెప్పండి, నాలుగే పేర్లు, నాలుగు బొమ్మలు. తర్వాత గొంతు పూర్తిగా ఆపి ముక్కని ఒకసారి వేయండి. ఎవరు ఎవరిమీద కోపంగా ఉన్నారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఊహించి చెప్పాలి. ఇక్కడే పిల్లలు తలపాగా, నడక, కూర్చునే చోటు, కెమెరా ఎవరి ముఖం దగ్గరికి వెళ్ళింది అనేవి గమనిస్తారు. రెండోసారి గొంతుతో వేయండి, కింద అక్షరాలు ఏ భాషవీ వద్దు. మూడోసారి చేతిలో సంభాషణ పత్రంతో. ఈ మూడు విడతలకీ, మధ్య మాటలకీ కలిపి 40 నిమిషాలు పడుతుంది. మిగిలిన 40లో సగం మాటల కల్పనకి, సగం అభినయానికి.

సంభాషణ పత్రం మీరే రాసుకోవాలి. మూడు నిమిషాల ముక్కకి గంట పడుతుంది, దానికి దగ్గరదారి లేదు. యూట్యూబ్ దానంతటది రాసే తెలుగు అక్షరాల్ని నమ్ముకోకండి, పుట్టించిన మాటల దగ్గర అది బోల్తా పడుతుంది. 20, 25 వరుసలు, 16 పాయింట్ల అక్షరం, వరుసకీ వరుసకీ మధ్య చోటు. ఖాళీలు పదికి మించకూడదు. నామవాచకాల దగ్గర కాకుండా క్రియ చివర ఖాళీ పెట్టండి. మీ పిల్లలకి ఏనుగు, మూకుడు లాంటి మాటలు రాకపోవడం పెద్ద ఇబ్బంది కాదు, అవి చూపిస్తే వస్తాయి. తాతయ్య వచ్చాడు అనాలా వచ్చారు అనాలా, అత్త చెప్పింది అనాలా చెప్పారు అనాలా అన్న దగ్గరే వాళ్ళు తడబడి ఇంగ్లీషులోకి దూకుతారు. డు, ది, రు అనే మూడు చివరలు వినిపించాయా లేదా అని చెవి పెట్టి వినాలి. కొత్త మాటలు రోజుకి ఎనిమిది దాటించకండి.

ఒక హెచ్చరిక కూడా ముందే ఇవ్వండి: ఇందులో పాత్రలు మాట్లాడేది ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. దుర్యోధనుడి మాట దర్బారు మాట, చిన్నమయ్యది పంతులు మాట. ఏ వాక్యాన్నైనా తీసుకుని, ఇదే మాట మీ అమ్మమ్మ అయితే ఎలా అంటుంది అని అడగండి. ఈ మార్పిడి చేయగలిగిన పిల్లకి రెండు తెలుగులూ వచ్చినట్టే.

రెండో ఆదివారం: ప్రియదర్శిని. మూత తీసి చూస్తే చూసినవారికి ఏది ప్రియమో అది కనిపించే పెట్టె. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, ఆమె తల్లి రేవతికి నగలు, తండ్రి బలరాముడికి ప్రియశిష్యుడు దుర్యోధనుడు. ఇది చూడగానే పిల్లలు ల్యాప్‌టాప్ అంటారు, వీడియో కాల్ అంటారు. అననివ్వండి, కానీ అక్కడ ఆగిపోకండి. అసలు విషయం పెట్టె ఆకారంలో లేదు. ఒకే పెట్టె ముందు ముగ్గురు కూర్చుంటే ముగ్గురికీ మూడు లోకాలు కనిపించాయి. మన ఫోను చేసేది కచ్చితంగా ఇదే.

ఇది మాటల్లో చెబితే ఎక్కదు, చేయించాలి. ముందు వారమే ఇళ్ళకి కబురు పెట్టండి: ఇంట్లో ఇద్దరి ఫోన్లలో యూట్యూబ్ తెరిచి, ఏమీ వెతకకుండా మొదట కనిపించే ఐదు వీడియోల పేర్లు కాగితం మీద రాసి తెమ్మని. తెరపట్టు తీయించకండి, పెద్దవాళ్ళ ఫోన్లో ఏం కనిపిస్తుందో తరగతిలో అందరికీ చూపించాల్సిన పని లేదు. చెప్పుకోవడం ఇష్టం లేని పేరు వదిలేయవచ్చని ముందే రాయండి. తరగతిలో ఆ జాబితాలు పేర్లు లేకుండా కలిపేసి, ఏ జాబితా తాతయ్యది, ఏది ఆరో తరగతి పిల్లది అని పట్టించండి. వెంటనే పట్టేస్తారు. ఇక ప్రశ్న మీది: మనకే తెలిసిపోయిందంటే, ఆ జాబితా తయారుచేసిన యంత్రానికి మన గురించి ఎంత తెలిసుండాలి?

ప్రియదర్శినికీ ఫోనుకీ తేడా కూడా తేల్చండి. పెట్టె మనసులో ఉన్నది చూపించి ఊరుకుంటుంది. ఫోను మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేది చూపిస్తుంది, మధ్యలో ప్రకటన వేస్తుంది, ఆ ప్రకటనకి డబ్బు తీసుకుంటుంది. మనకి ప్రియమైనదీ, మనల్ని కదలనివ్వనిదీ ఒకటే కానక్కర్లేదు. కోపం తెప్పించే వీడియో కూడా కదలనివ్వదు. 12 ఏళ్ళ పిల్లలకి ఈ తేడా తేలిగ్గానే అందుతుంది, వాళ్ళ దగ్గరే ఉదాహరణలుంటాయి.

భాష సంగతికొస్తే ఈ ముక్క కు విభక్తికి పుట్టినట్టుంటుంది: శశిరేఖకు కనిపించింది, రేవతికి కనిపించాయి, నాకు నచ్చింది, మా నాన్నకి అక్కర్లేదు. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు నేను నచ్చాను అంటుంటారు. కనిపించు, వినిపించు, నచ్చు, తెలుసు, కావాలి: ఈ ఐదింటితో తలా రెండు వాక్యాలు చెప్పిస్తే ఆ రోజుకి చాలు.

ఈ వారమే ఇంకో ప్రశ్న వచ్చి మీ మీద పడుతుంది, సిద్ధంగా ఉండండి. అభిమన్యుడి తల్లి సుభద్ర బలరాముడికి చెల్లెలు. అంటే వీళ్ళిద్దరూ కజిన్సే కదా, పెళ్ళేంటి అని అమెరికాలో పెరిగిన పిల్లలు తప్పకుండా అడుగుతారు. సిగ్గుపడి దాటేస్తే తరగతి మిగతా సమయమంతా గుసగుసలే. నేరుగా చెప్పండి: కజిన్ అనే ఒక్క మాటలో ఇంగ్లీషు కలిపేసినవాళ్ళని తెలుగు రెండుగా విడదీస్తుంది. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, మరదళ్ళు, వదినలు, బావమరదులు. మేనరికం దక్షిణాదిన పాత ఆచారం, దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకి వంశపారంపర్య జబ్బుల అవకాశం పెరుగుతుందని ఇప్పుడు డాక్టర్లు వద్దంటారు. రెండు వాక్యాల్లో అయిపోయే సంగతి. ఆ తర్వాత ఎవరి ఇంటి చెట్టు వాళ్ళచేత గీయించండి. వరసలు నేర్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు.

మూడో ఆదివారం: మాయాశశిరేఖ. మీరు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన రోజిది. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో పెళ్ళి తప్పించడానికి ఘటోత్కచుడు అసలు శశిరేఖని నిద్రలో ఉండగానే పాన్పుతో సహా తరలించి, ఆమె రూపంలో తను వచ్చి కూర్చుంటాడు. పెళ్ళి సంబరం పాటలో సావిత్రి ఒళ్ళు ఆడపిల్లది, లోపల ఉన్నది మగరాక్షసుడు. మధ్యమధ్యలో ఘటోత్కచుడి గొంతు బయటపడుతుంది, సర్దుకుంటుంది. ముందు గొంతు లేకుండా వేయండి. తెర మీద ఉన్నది అసలు శశిరేఖ కాదని ఎలా పట్టుకోవచ్చో నాలుగు గడులు గీసి రాయమనండి: నడక, చూపు, చేతులు, నవ్వు. రెండోసారి గొంతుతో వేసి ఐదో గడి కలపండి. పోల్చడానికి అసలు శశిరేఖ కనిపించే ముక్క ఒక నిమిషం ముందుగానే చూపించి ఉండాలి. ఇది మరిచిపోతే దేనితో పోల్చాలో పిల్లలకి తెలియదు, పట్టిక ఖాళీగా ఉంటుంది.

ఇక్కడి నుంచి నకిలీ వీడియోల్లోకి నడవడం తేలికే. కానీ చాలామంది టీచర్లు జారిపడేదీ ఇక్కడే. నడక చూడండి, కళ్ళార్పడం చూడండి, వేళ్ళు లెక్కపెట్టండి అని ఆనవాళ్ళ జాబితా ఇచ్చి ఊరుకుంటారు. ఆ ఆనవాళ్ళు ఏడాదికేడాది చెరిగిపోతున్నాయి. ఇవాళ నేర్పిన గుర్తుతో రేపటి నకిలీని అసలని ధైర్యంగా నమ్మేస్తే ఏమీ నేర్పకపోవడం కన్నా అన్యాయం. పిల్లలచేత ఈ తేడా పట్టించండి: సినిమాలో మాయ ఎవరో మనకి ముందే చెప్పేశారు, అందుకే మనకి నవ్వొస్తుంది. కౌరవులకి చెప్పలేదు. మనం కృష్ణుడి పక్కన కూర్చుని చూస్తున్నాం. ఫోను పట్టుకున్నప్పుడు మాత్రం మన చోటు లక్ష్మణకుమారుడి పక్కన, పెళ్ళిపీటల మీద.

అందుకని ఆనవాళ్ళ దగ్గర ఆగకుండా వాడుక నేర్పండి. డబ్బు అడిగినా, భయపెట్టినా, వెంటనే చేయమని తొందరపెట్టినా, వచ్చిన ఫోను పెట్టేసి మనకి తెలిసిన నంబరుకి మనమే తిరిగి చేయాలి. ఇంట్లో అందరికీ ఒక గుట్టుమాట ఉండాలి. పెంపుడు కుక్క పేరో పుట్టినరోజో వద్దు, అవి బయట దొరుకుతాయి. అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో ఒక వంటకం పేరు, దానికి వెనక ఒక రంగు చాలు. ఆ మాట తరగతిలో ఎవరూ పైకి చెప్పకూడదు, ఇంట్లో పెట్టుకున్నామని మాత్రం వచ్చి చెప్పాలి.

నాలుగో ఆదివారం విడిది ముక్క తీసుకోండి. మగపెళ్ళివారితో వచ్చిన శర్మ, శాస్త్రిలు వంటలన్నీ చూసి గోంగూర ఏదీ అంటారు. ఈ ముక్కలోనే కంబళి గింబళి, తల్పం గిల్పం వస్తాయి. జంటమాటల సూత్రం చెప్పకండి, పిల్లలే కనుక్కుంటారు. పుస్తకం గిస్తకం, పెళ్ళి గిళ్ళి, కాఫీ గీఫీ, పాలు గీలు అని నాలుగు రాసి, మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగైతే గీ అని వాళ్ళచేతే అనిపించండి. ఆ తర్వాత గిన్నెకి జంటమాట చెప్పమనండి, ఇరుక్కుంటారు. మామూలుగా ఈ రెండో మాటకి సొంతంగా అర్థం ఉండదు, అలాంటివన్నీ అనో, అదేమంత గొప్పా అనో చెప్పడానికి అంటాం. సినిమా చేసిన చమత్కారం ఆ అర్థంలేని గింబళికి ఒక వస్తువుని తగిలించడం. ఈ సంగతి పిల్లలు తమంతట తాము పట్టుకుంటే మాత్రం రెండు వీరతాళ్ళు.

గోంగూర దగ్గర ఒక ప్రశ్న: హస్తినాపురం వాళ్ళకి గోంగూర ఎక్కడిది? ఎవరి కోసం పెట్టారు ఆ మాట? సినిమా తీసినవాళ్ళ ఎదురుగా కూర్చున్నది గుంటూరు, విజయవాడ ప్రేక్షకుడు. అక్కడి నుంచి పెద్ద ప్రశ్నకి వెళ్ళండి: ఈ కథ భారతంలో ఉందా? మన పిల్లలే కాదు, మన పెద్దవాళ్ళలో కూడా చాలామంది ఉందనే అంటారు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడి పెళ్ళి విరాటపర్వంలో ఉత్తరతో జరుగుతుంది. శశిరేఖాపరిణయం నాటకాల్లో, జనం చెప్పుకునే కథల్లో పెరిగింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాలవాళ్ళు మాయాబజార్‌ని వేదిక మీద ఆడుతూ వచ్చారు. సినిమాలో పాండవులు తెర మీద కనిపించరన్నది కూడా పిల్లలకి ఇచ్చి చూడండి: భారతకథలో పాండవులు లేకపోవడం మీరు గమనించారా? ఎవరూ గమనించి ఉండరు. లేనిదాన్ని గమనించడం చాలా కష్టం. వార్త చదివేటప్పుడు ఇందులో ఎవరి మాట లేదు అని అడగడం కూడా ఇలాంటిదే.

ఇంటిపని: ఎవరైనా పెద్దవాళ్ళకి ఫోను చేసి మూడు ప్రశ్నలు తెలుగులో అడగాలి. ఈ సినిమా మొదట ఎక్కడ చూశారు, హాల్లోనా, టూరింగ్ టాకీసులోనా, టీవీలోనా, క్యాసెట్టులోనా? పక్కన ఎవరున్నారు? ఇది భారతంలోని కథేనా? మూడోదానికి వచ్చే జవాబుల్ని వాదన లేకుండా రాసుకుని తెమ్మనండి. తాతయ్యని సరిదిద్దడం ఇంటిపనిలో భాగం కాదని గట్టిగా చెప్పండి, లేకపోతే సోమవారం మీకే ఫోన్లు వస్తాయి.

ఐదో రోజు చేయాల్సినవి రెండు. ముందు, 2010 జనవరిలో రంగులద్ది విడుదల చేసిన ప్రతిలోంచి, పాత నలుపు తెలుపు ప్రతిలోంచి ఒకే దృశ్యం పక్కపక్కన పెట్టండి. శశిరేఖ చీర రంగు ఎవరు నిర్ణయించారు? రంగులు వేసినవాళ్ళు ఎంచుకున్నారు, 1957లో కెమెరా పట్టింది వెలుగునీడల్నే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల పడవపాటని రెండు ప్రతుల్లోనూ చూపిస్తే పిల్లలు చీలిపోతారు, ఆ వాదన జరగనివ్వండి. రంగుల ప్రతి నిడివి తగ్గించారు కాబట్టి మీరు రాసుకున్న నిమిషాల అంకెలు దానికి కుదరవు. ప్రతి మారిస్తే మళ్ళీ కొలుచుకోవాలి. ఇది మరిచిపోయి తరగతి మధ్యలో ముందుకీ వెనక్కీ జరుపుతూ పది నిమిషాలు పోగొట్టుకోవడం మామూలే.

రెండోది, పిల్లలే కింది అక్షరాలు రాయడం. మొదటి వారం ముక్కలోంచి ఆరు వాక్యాలు, ముగ్గురేసి నాలుగు జట్లు. నియమాలు పని చేసేవాళ్ళవే పెట్టండి: రెండు వరుసలకి మించకూడదు, వరుసకి 40 అక్షరాలు, తెర మీద ఏడు సెకన్లు దాటకూడదు. అసమదీయుల్ని ఇంగ్లీషులో ఏమంటారు? మనవాళ్ళు అని రాస్తే నవ్వు పోతుంది, తప్పు పలికినట్టు రాస్తే అర్థం పోతుంది. నాలుగు జట్లూ నాలుగు రకాలుగా రాస్తాయి. అప్పుడు దీపావళినాడు వాళ్ళు చదివిన ఇంగ్లీషు అక్షరాల గురించి అడగండి: అక్కడ మీకు ఏం దక్కలేదంటారు? సినిమా ఎవరి ద్వారా చూశారంటారు? తమిళం వచ్చిన పిల్లలుంటే ఇంకో మంచి అవకాశం. అదే ఏడాది తమిళంలోనూ ఈ సినిమా తీశారు, అభిమన్యుడిగా తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. అదే ఘట్టం రెండు భాషల్లో గొంతు ఆపి వేసి, ఏది తెలుగో చెప్పమనండి.

సమయం మిగిలితే సత్యపీఠం. ఎక్కినవాడు నిజం కక్కేసే పీట, శకుని ఎక్కి తన కుట్ర తానే బయటపెట్టేస్తాడు. మనకి అలాంటి పీట లేదు కాబట్టి నాలుగు కాళ్ళు మనమే పెట్టుకోవాలి: మొదట చెప్పిందెవరు, ఎప్పుడు, ఇంకెవరైనా విడిగా చెప్పారా, బొమ్మ అసలు ఎక్కడిది. నాలుగోదానికి గూగుల్ లెన్స్‌లో బొమ్మ పెట్టి వెతకడం చూపించండి. మాయాబజార్ దృశ్యాలకే కొత్త వ్యాఖ్యలు తగిలించిన మీమ్‌లు కొల్లలు, అభ్యాసానికి అవే వాడుకోవచ్చు, ఎవరి మనసూ నొచ్చుకోదు. రాజకీయ ఫార్వర్డులు మాత్రం తరగతిలోకి తేకండి. పిల్లలు నేర్చుకునేలోపు తల్లిదండ్రులు పోట్లాడుకుంటారు.

సరంజామా గురించి నాలుగు మాటలు. జూమ్‌లో తెర పంచుకుంటే ఓటీటీ సినిమా నల్లగా కనిపిస్తుంది, అది మీ కంప్యూటర్ లోపం కాదు, నకలు తీయకుండా పెట్టిన తాళం. కాబట్టి ముఖాముఖి తరగతిలోనే, తీగతో టీవీకి కలిపి వేయండి. ల్యాప్‌టాప్ స్పీకరు సరిపోదు. ఆనాటి శబ్దంలో సంగీతం మాటని మింగేస్తుంటుంది, చిన్న స్పీకరులో అది ఇంకా ఎక్కువ. బయటి స్పీకరు ఒకటి గది మధ్యలో, పిల్లల తల ఎత్తున పెట్టండి, టీవీలో సరౌండ్ శబ్దం లాంటివి ఆపేయండి. ముక్కల్ని కత్తిరించి ఫైళ్ళుగా దాచి వాట్సాప్ గుంపులో పంచకండి. భారతదేశంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, కానీ పాటల హక్కుల లెక్క వేరు, అమెరికా లెక్క మరీ వేరు. మొదలు, చివర నిమిషాలు కాగితం మీద రాసుకుని, హక్కున్న ప్రతిలోంచే వేయడం మేలు.

సినిమా మొత్తం ఎప్పుడు అని తల్లిదండ్రులు అడుగుతారు. ఐదో వారం తర్వాత ఒక శనివారం సాయంత్రం, ఇంటిల్లిపాదితో, మధ్యలో భోజనాల విరామంతో. అప్పటికి ఆ నాలుగు ఘట్టాలూ పిల్లలకి కంఠతా వచ్చి ఉంటాయి, ముందు వరుసలో కూర్చుని తెర కన్నా ముందు వాళ్ళే మాట అందుకుంటారు.

నేర్చుకున్నారో లేదో తేల్చుకోవడానికి పరీక్ష పెట్టకండి. మొదటి ఆదివారం ముక్క చూపించగానే, అక్కడ ఏం జరిగిందో ఒక్కొక్కరిచేత ఒక నిమిషం చెప్పించి ఫోన్లో నమోదు చేయండి. ముందుగా ఇంటివాళ్ళ అనుమతి తీసుకోండి. ఐదో ఆదివారం అదే ముక్కకి అదే పని. రెండూ పక్కపక్కన వినేటప్పుడు ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లాయో లెక్కపెట్టకండి, ఆ లెక్కలో మనమూ తప్పుతాం. వాక్యం తెలుగు క్రియతో ముగిసిందా, మధ్యలో తెగిపోయిందా అన్నదొక్కటే గీతలు పెట్టుకోండి. తెగిన వాక్యాలు సగానికి తగ్గితే తరువాతి విడతకి వేరే సినిమా వెతుక్కోవచ్చు. తగ్గకపోతే ముక్కలు ఇంకా చిన్నవి చేసి, రెండు నిమిషాలకి దించి, ఇదే సినిమాతో మళ్ళీ మొదలుపెట్టండి.